ఆలస్యం, దీర్ఘసూత్రత: విశ్వవిద్యాలయ విద్యార్థుల వాయిదా ధోరణి – మనోవైజ్ఞానిక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యార్థులు చదువుకు సంబంధించిన పనులను గడువు ముంచుకొచ్చేదాకా వాయిదా వేయడాన్ని సమాజం సాధారణంగా సోమరితనంగా పరిగణిస్తుంది. ఈ అభిప్రాయం తెలుగులో 'ఆలస్యం' అనే పదం పొందిన అర్థపరిణామంలోనే కనిపిస్తుంది. అయితే ప్రాచీన వాఙ్మయం ఆలస్యాన్ని, దీర్ఘసూత్రతను వేర్వేరు దోషాలుగా పేర్కొంది. ఆధునిక మనోవిజ్ఞానశాస్త్రం కూడా వాయిదా ధోరణిని సోమరితనం నుండి వేరుచేసి, పనితో ముడిపడిన అప్రియ భావాలను తప్పించుకొనే చర్యగా వివరిస్తున్నది. ఈ రెండు దృష్టుల వెలుగులో, కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యార్థుల నేపథ్యంతో వాయిదా ధోరణికి గల కారణాలను పరిశీలించడం, అధ్యాపకుడు చేయదగిన మార్పులను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వాయిదా ధోరణి, దీర్ఘసూత్రత, చిరకారి, భావోద్వేగ నియంత్రణ, ఆత్మసామర్థ్య విశ్వాసం, అవధానం, కడప జిల్లా.

1. ప్రవేశిక

ప్రతి సెమిస్టరు చివరలోనూ డిగ్రీ కళాశాలల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. రెండు నెలల క్రితం ఇచ్చిన అసైన్‌మెంటును చివరి రోజు ఉదయం వరండాలో కూర్చుని రాస్తున్న విద్యార్థులు, ఒకరి రికార్డును మరొకరు చూసి ఎక్కించుకుంటున్నవారు, జెరాక్సు దుకాణం ముందు గుంపులు. నెల ముందు అడిగితే "ఇంకా శానా దినాలుంది గదా సార్" అన్నవారే ఆ రోజు "ఇంకొక్క దినం టైమియ్యండి సార్" అని బతిమాలుకుంటారు. పరిశోధక విద్యార్థుల విషయంలో దినాల స్థానంలో సంవత్సరాలు వస్తాయి. తేడా అంతే.

ఈ స్థితికి అధ్యాపకులు, తల్లిదండ్రులు, చివరకు విద్యార్థులు కూడా చెప్పుకొనే కారణం ఒక్కటే: సోమరితనం. కారణం అదే అయితే మందలింపుతో, శిక్షతో ధోరణి మారాలి. మందలించిన విద్యార్థులే మరుసటి సెమిస్టరులోనూ అదే వరండాలో కనిపిస్తున్నారు. కాబట్టి మన నిర్ధారణను మరొకసారి పరిశీలించవలసి ఉంది. ఆ పరిశీలనను మన భాషలోని ఒక పదంతో ప్రారంభించవచ్చు.

2. పదవిచారం: ఆలస్యం, దీర్ఘసూత్రత, చిరకారిత

2.1 ఆలస్యం: సంస్కృతంలో 'అలస' శబ్దానికి మందుడు, సోమరి అని అర్థాలు. దాని భావవాచకమైన 'ఆలస్యం' అంటే సోమరితనం. తెలుగు వ్యవహారంలో ఈ పదం 'జాగు', 'కాలయాపన' అనే అర్థంలో స్థిరపడింది. బస్సు ఆలస్యంగా వచ్చిందంటే బస్సు సోమరి అని మన ఉద్దేశం కాదు. కారణాన్ని చెప్పే పదం ఫలితాన్ని చెప్పే పదంగా మారింది. ఈ అర్థపరిణామం భాషాపరంగా సహజమే. కాని దాని వెంట ఒక భావన కూడా మనలో నిలిచిపోయింది: జాగు జరిగిన ప్రతిచోటా సోమరితనం ఉండే ఉంటుందని. మూలార్థం పదం నుండి తొలగిపోయినా, తీర్పులో మిగిలి ఉంది.

2.2 దీర్ఘసూత్రత: మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి చెప్పిన నీతిలో, అభివృద్ధిని కోరేవాడు విడిచిపెట్టవలసిన ఆరు దోషాల ప్రస్తావన ఉంది. అవి నిద్ర, తంద్ర, భయం, క్రోధం, ఆలస్యం, దీర్ఘసూత్రత. ఇక్కడ ఆలస్యం, దీర్ఘసూత్రత రెండూ వేర్వేరుగా చెప్పబడ్డాయి. రెండూ ఒకటే అయితే రెండుసార్లు చెప్పవలసిన అవసరం లేదు. ఆ పట్టికలోనే భయం కూడా ఉంది. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయంలో తామస కర్త లక్షణాలను చెప్పే సందర్భంలో అలసత్వం, విషాదం, దీర్ఘసూత్రత వేర్వేరు లక్షణాలుగా కనిపిస్తాయి. వాటిలో విషాదికి, దీర్ఘసూత్రికి పక్కపక్కనే చోటు దొరికింది. ఈ సామీప్యం ఆధారంగా ప్రాచీనులు ఆధునిక సిద్ధాంతాన్ని ముందే కనుగొన్నారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే దీర్ఘసూత్రత సోమరితనం కంటే భిన్నమైనదన్న వివేచన వారికి ఉన్నదని నిస్సందేహంగా చెప్పవచ్చు.

శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన మూడు చేపల కథ ఈ వివేచనను మరింత స్పష్టం చేస్తుంది. జాలరులు చెరువు నీటిని బయటికి తోడుతున్నారని గ్రహించిన దీర్ఘదర్శి, వెంటనే వెళ్లిపోదామని మిత్రులను హెచ్చరించింది. ప్రాప్తకాలజ్ఞుడు సమయం వచ్చినప్పుడు ఉపాయం తోచకపోదని అన్నది. దీర్ఘసూత్రుని సమాధానం గమనించదగినది. నీవు చెప్పింది సరైనదే, కాని తొందరపడవలసిన పని లేదన్నది ఆ చేప మాట. అంటే దీర్ఘసూత్రునికి ప్రమాదం తెలుసు. హెచ్చరిక సమంజసమని ఒప్పుకున్నాడు కూడా. లోపించినది జ్ఞానం కాదు. జ్ఞానానికి, ఆచరణకు మధ్య ఏర్పడిన ఎడమే అతని నాశనానికి కారణమైంది.

2.3 చిరకారిత: అదే శాంతిపర్వంలో చిరకారి కథ ఉంది. గౌతముడు కోపావేశంలో తల్లిని వధించమని కుమారుణ్ణి ఆజ్ఞాపించి వెళ్లిపోతాడు. ఏ పనినైనా దీర్ఘంగా ఆలోచించి చేసే స్వభావం గల ఆ కుమారుడు పితృవాక్యం, మాతృహత్యాదోషం రెండింటినీ తూచుతూ ఉండిపోతాడు. పశ్చాత్తాపంతో తిరిగివచ్చిన తండ్రి, భార్య బ్రతికి ఉండడం చూసి కుమారుని జాగును ప్రశంసిస్తాడు.

ఒకే పర్వంలో ఒక జాగు నిందకు, మరొక జాగు ప్రశంసకు పాత్రమైనాయి. 'ఆలస్యం అమృతం విషం', 'నిదానమే ప్రధానం' అనే పరస్పర విరుద్ధమైన లోకోక్తులు మన వ్యవహారంలో కలిసి మనడానికి ఆధారం ఈ భేదమే. చిరకారి ఆగిన కాలమంతా ఆ పనిని గురించే ఆలోచించాడు. దీర్ఘసూత్రుడు ఆగిన కాలంలో ఆ పని తన మనసులోకి రాకుండా చూసుకున్నాడు. జాగును అంచనా వేయడానికి కాలపరిమాణం కంటే ఈ కొలబద్ద ఉపయోగకరమైనది.

3. మనోవిజ్ఞానశాస్త్ర దృష్టి

3.1 నిర్వచనం: పియర్స్ స్టీల్ 2007లో, అంతవరకు వచ్చిన పరిశోధనలన్నింటినీ క్రోడీకరిస్తూ, వాయిదా ధోరణిని ఇలా వివరించాడు: చేయాలని తానే సంకల్పించిన పనిని, జాగు వల్ల తనకు నష్టమని తెలిసి కూడా, స్వచ్ఛందంగా వెనక్కి నెట్టడం. ఇందులో మూడు అంశాలున్నాయి: సంకల్పం ఉండడం, నష్టం తెలియడం, బయటి బలవంతం లేకపోవడం. సోమరికి మొదటి అంశమే ఉండదు. పని చేయాలన్న సంకల్పం లేనందువల్ల చేయలేదన్న బాధా ఉండదు. వాయిదా వేసేవాడు మాత్రం విశ్రాంతిగా ఉన్నట్లు కనిపిస్తూ లోలోపల నలుగుతూ ఉంటాడు. మూడు చేపల కథలోని దీర్ఘసూత్రుడు ఈ నిర్వచనానికి సరిపోతాడు.

3.2 వ్యాప్తి: లారా సోలమన్, ఎస్తర్ రోత్‌బ్లమ్ 1984లో 342 మంది అమెరికన్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై చేసిన అధ్యయనంలో, వ్యాసరచనను దాదాపు ఎల్లప్పుడూ వాయిదా వేస్తామని 46 శాతం మంది తెలిపారు. పరీక్షలకు చదవడంలో ఈ సంఖ్య 28 శాతం దగ్గర, వారపు పఠనంలో 30 శాతం దగ్గర ఉంది. ఒకే విద్యార్థి అన్ని పనులనూ ఒకే విధంగా వాయిదా వేయడం లేదని, రాయవలసిన పని దగ్గర జాగు అధికమని దీనివల్ల తెలుస్తున్నది. చదివినది మన లోపలే ఉంటుంది. రాసినది మరొకరి చేతికి వెళ్లి తీర్పుకు గురవుతుంది.

3.3 భావోద్వేగ నియంత్రణ: ఫ్యూషియా సిరోయ్, తిమోతీ పిచిల్ 2013లో ప్రతిపాదించిన వివరణ ప్రకారం వాయిదా ధోరణి ప్రధానంగా కాలనిర్వహణ సమస్య కాదు, అది తాత్కాలికంగా మనఃస్థితిని చక్కదిద్దుకొనే ప్రయత్నం. పనిని తలచుకోగానే విసుగు, భయం, అయోమయం, అసమర్థతాభావం వంటివి కలుగుతాయి. పనిని పక్కన పెట్టగానే ఆ భావాలు తొలగిపోయి ఊరట లభిస్తుంది. ఆ ఊరటే బహుమానంగా పనిచేసి, మరుసటిసారి కూడా అదే మార్గాన్ని ఎంచుకొనేలా చేస్తుంది. పుస్తకం తెరిచిన రెండు నిమిషాలకే చేయి ఫోను వైపు వెళ్లడంలో జరిగేది ఇదే. ఫోను కారణం కాదు, దగ్గరలో ఉన్న ఆశ్రయం. ఫోను లేని కాలంలో ఆ స్థానంలో సినిమా, అరుగు మీది కబుర్లు ఉండేవి.

ఈ ఊరట విలువ ఎంతో డయాన్ టైస్, రాయ్ బామీస్టర్ 1997లో ప్రచురించిన అధ్యయనం చూపింది. సెమిస్టరు ఆరంభంలో వాయిదా వేసే విద్యార్థులకు ఇతరుల కంటే ఒత్తిడి, అనారోగ్యం తక్కువ. సెమిస్టరు చివరికి వచ్చేసరికి రెండూ ఎక్కువ; మొత్తం మీద వారు పడిన బాధే అధికం. మార్కులు కూడా తక్కువే వచ్చాయి.

3.4 ఆత్మసామర్థ్య విశ్వాసం, వైఫల్యభయం: ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకాన్ని ఆల్బర్ట్ బందూరా 1977లో ఆత్మసామర్థ్య విశ్వాసమని సిద్ధాంతీకరించాడు. స్టీల్ క్రోడీకరణలో వాయిదా ధోరణితో బలంగా ముడిపడిన అంశాలలో ఈ విశ్వాసం లోపించడం, పని అప్రియంగా ఉండడం, ఫలితం దూరంగా ఉండడం, చపలత ఉన్నాయి. వైఫల్యభయానికి, వాయిదాకు మధ్య సంబంధం మాత్రం సగటున బలహీనమని ఆయన తేల్చాడు. దీనిని బట్టి భయం పాత్రను తోసిపుచ్చవచ్చునా? 2012లో హగ్‌బిన్, మెకాఫ్రీ, పిచిల్ ఈ ప్రశ్నను మరింత లోతుగా పరిశీలించి, తమ సామర్థ్యంపై నమ్మకం తక్కువగా ఉన్నవారిలో భయం వాయిదాకు దారితీస్తున్నదని, ఆ నమ్మకం ఉన్నవారిలో అలా జరగడం లేదని చూపారు. అంటే భయం ఒక్కటే కారణం కాదు. 'నావల్ల కాదేమో' అన్న సందేహం తోడైనప్పుడు అది కాళ్లకు బంధమవుతుంది.

3.5 ఆత్మప్రతిబంధకం: వైఫల్యానికి ముందే ఒక సాకును సిద్ధం చేసుకొనే ప్రవృత్తిని ఎడ్వర్డ్ జోన్స్, స్టీవెన్ బెర్గ్లస్ 1978లో వివరించారు. ఒక్క రాత్రిలో రాసిన వ్యాసానికి తక్కువ మార్కులు వస్తే 'సమయం చాల్లేదు' అనుకోవచ్చు. నెలంతా కష్టపడి రాసిన దానికి తక్కువ వస్తే 'నాకు చేతకాదు' అని ఒప్పుకోవలసి వస్తుంది. మొదటి బాధ కంటే రెండవది తీవ్రమైనది. ఆ తీవ్రత నుండి తన్ను తాను కాపాడుకోవడానికి విద్యార్థి చివరి రాత్రిని ఎంచుకుంటున్నాడు.

4. కడప జిల్లా నేపథ్యం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల డిగ్రీ కళాశాలలు కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయ పరిధిలోనివి. 1977లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రంగా ప్రారంభమై, 2006లో విశ్వవిద్యాలయంగా ఏర్పడిన సంస్థ అది. ఆ ఏడాదే పులివెందులలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, 2008లో ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఏర్పడ్డాయి. ఒక తరంలోపే ఉన్నత విద్య ఈ పల్లెల ముంగిటికి వచ్చింది. అందువల్ల ఇంటిలో డిగ్రీ చదువుతున్న మొదటి వ్యక్తి తానే అయిన విద్యార్థులు మన తరగతుల్లో అనేకులు. ఈ విభాగంలోని పరిశీలనలు బోధనానుభవం ఆధారంగా చేసినవి; గణాంక సర్వే ఫలితాలు కావు.

4.1 పొలంలో లేని జాగు: అసైన్‌మెంటును నెలల తరబడి తాకని విద్యార్థే ఇంటి పనిలో ఎలా ఉంటాడో చూడాలి. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తే అదును వస్తే అతడు కళాశాల మాని గొర్రు వెంట నడుస్తాడు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటలున్న ఇళ్ల పిల్లలు కరెంటు వచ్చిన వేళకు లేచి మోటారు వేసి, నీళ్లు కట్టి, ఆ తరువాత బస్సెక్కుతారు. ప్రొద్దుటూరులో బంగారు, బట్టల అంగళ్లలో సాయంత్రాలు పనిచేసే విద్యార్థులు పండుగ రోజుల్లో అర్ధరాత్రి దాకా నిలబడే ఉంటారు. వీరిని సోమరులని ఎవరూ అనలేరు. మరి ఆ చేతులే కలం దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయి?

రెండు పనులనూ పోల్చి చూస్తే నాలుగు భేదాలు కనిపిస్తాయి. మొదటిది గడువు: పదును ఆరిపోతే విత్తనం మొలవదు కనుక పొలంలో గడువు కళ్లకు కనిపిస్తుంది; చదువులో గడువు సెమిస్టరు చివర ఎక్కడో ఉంటుంది, అదీ బతిమాలితే జరుగుతుంది. రెండవది పరిమాణం: ఈ పూట ఎన్ని సాళ్లు వేయాలో సేద్యంలో తెలుసు, 'ప్రాజెక్టు నివేదిక రాయండి' అన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మూడవది తోడు: పొలంలో తండ్రో, అన్నో పక్కన ఉంటారు, తప్పు చేస్తే అక్కడే దిద్దుతారు, రాతపనిలో విద్యార్థి ఒంటరి. నాల్గవది నమ్మకం: చిన్ననాటి నుండి చూసి నేర్చిన పని గనుక చేయగలనన్న విశ్వాసం ఉంది, పరిశోధన నివేదిక అనేది ఎలా ఉంటుందో ఇంటిలో ఎవరూ చూసి ఎరుగరు. స్టీల్ పేర్కొన్న అంశాలకు ఈ భేదాలు చాలా దగ్గరగా ఉన్నాయి. కనుక లోపం విద్యార్థి స్వభావంలో కంటే పని అమరికలో ఎక్కువగా ఉందని చెప్పవలసి ఉంటుంది.

4.2 భాషాభయం: ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుండి సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ చేరి, నివేదికలు రాయవలసిన అవసరం పెరిగింది. 2021–22 నుండి డిగ్రీ కోర్సుల బోధన ఆంగ్ల మాధ్యమానికి మారింది. పది, పన్నెండేళ్లు తెలుగులో చదివిన విద్యార్థికి విషయభయంతో పాటు భాషాభయం తోడైంది. తనకు తెలిసిన విషయాన్నే తెలియని భాషలో రాయవలసి రావడం పనిని మరింత అప్రియం చేస్తుంది. ఇక్కడ మాధ్యమ విధానంపై చర్చ ఉద్దేశితం కాదు. ఈ మార్పు వాయిదా ధోరణికి అనుకూలమైన మనఃస్థితిని కల్పిస్తున్నదని గుర్తించడమే ఉద్దేశం.

4.3 ఒక ఉదాహరణ: ఈ వ్యాసకర్త తరగతిలోని ఒక విద్యార్థిని ప్రాజెక్టు నివేదికను గడువులోగా ఇవ్వలేదు. రెండుసార్లు గడువు పెంచినా ఇవ్వలేదు. 'ఆలస్యానికి హద్దుండాలమ్మా' అని తరగతిలో అందరి ముందూ మందలించడం జరిగింది. చాలాకాలం తరువాత తెలిసింది, ఆమె ఆ నివేదికను నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చింపివేసిందని. మొదటి పేజీలోని ఆంగ్ల వాక్యాలు చదివి ఇతరులు నవ్వుతారన్నది ఆమె భయం. నివేదిక అందనందున ఆమె ఫలితం నిలిచిపోయింది, స్నాతకోత్తర ప్రవేశ గడువు దాటిపోయింది, ఆ సంవత్సరమే వివాహమైంది. నాలుగుసార్లు రాసిన అమ్మాయిని సోమరి అన్నది అధ్యాపకుని పొరపాటు. స్థోమత గల ఇంటి విద్యార్థికి ఒక సంవత్సరం జాగు ఒక సంవత్సరం నష్టం మాత్రమే. ఇటువంటి విద్యార్థినికి అదే చదువు తలుపు మూసుకుపోవడం. వాయిదా ధోరణి నష్టాన్ని అందరికీ సమానంగా పంచదు.

5. పరిశోధక విద్యార్థి విషయం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనిష్ఠంగా మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు. పునర్నమోదు ద్వారా మరి రెండేళ్లు, మహిళలకు, 40 శాతం మించిన వైకల్యం గలవారికి ఇంకా రెండేళ్లు వెసులుబాటు ఉంది. ఆరేళ్లు అన్న మాటే దీర్ఘసూత్రతకు విశాలమైన అవకాశం ఇస్తుంది.

దీనికి తోడు మన అంచనాలే మనలను మోసగిస్తాయి. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న 37 మంది విద్యార్థులను ఎప్పటికి పూర్తి చేస్తారని అడిగారు. సగటు అంచనా 33.9 రోజులు. అన్నీ ప్రతికూలిస్తే ఎంత పడుతుందన్న ప్రశ్నకు సగటు సమాధానం 48.6 రోజులు. వాస్తవంగా పట్టినది 55.5 రోజులు. అత్యంత నిరాశాజనకమైన అంచనా కూడా వాస్తవం కంటే ఆశాజనకంగానే ఉందన్నమాట. దీనినే ప్రణాళికా భ్రమ అంటారు.

తెలుగు పరిశోధనలో దీర్ఘసూత్రత తరచుగా చిరకారి వేషం ధరిస్తుంది. 'ఇంకా కొన్ని ఆకరాలు చూడాలి', 'మరొక ముద్రణ దొరకాలి', 'క్షేత్రపర్యటన ఇంకొకటి మిగిలింది' అనేవి కొన్నిసార్లు యథార్థాలే. ఈ వ్యాసకర్త తన సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయాన్ని పద్నాలుగు నెలలు తాకకుండా ఉంచి, అడిగినవారికి పాఠాంతరాల పరిశీలన మిగిలి ఉందని చెబుతూ వచ్చాడు. ఆ పద్నాలుగు నెలల్లో పరిశీలించిన పాఠాంతరం ఒక్కటీ లేదు. పూర్వపు విమర్శకుని అభిప్రాయంతో విభేదించవలసిన అధ్యాయం అది. విభేదించడానికి ధైర్యం చాలలేదన్నదే అసలు కారణం. 2.3లో చెప్పిన కొలబద్దను పరిశోధకుడు తనకు తాను అన్వయించుకోవచ్చు: ఈ జాగులో నేను ఆ విషయాన్ని గురించి ఆలోచిస్తున్నానా, దాని నుండి తప్పించుకొని తిరుగుతున్నానా?

6. నివారణ మార్గాలు: అవధాన నమూనా

పొలం పనిలోని గడువు, పరిమాణం, తోడు, నమ్మకం అనే నాలుగు గుణాలు సాహిత్య వ్యాసంగంలో కూడా సాధ్యమేనా? సాధ్యమేనని ఈ ప్రాంతపు సాహిత్య చరిత్ర చెబుతున్నది. జమ్మలమడుగులో జన్మించి ప్రొద్దుటూరులో స్థిరపడిన దుర్భాక రాజశేఖర శతావధాని, ఆయనతో జంటకవిగా ప్రసిద్ధి పొందిన గడియారం వేంకట శేషశాస్త్రి ఈ నేలను అవధాన విద్యకు నెలవు చేశారు. అవధాన ప్రక్రియను వాయిదా దృష్టితో పరిశీలిస్తే కొన్ని విశేషాలు గోచరిస్తాయి.

6.1 పనిని విడగొట్టడం: అష్టావధానంలో అవధాని సమస్యకో, దత్తపదికో పూర్తి పద్యాన్ని ఒకేసారి చెప్పడు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెబుతూ నాలుగు ఆవృత్తులలో పద్యాన్ని పూర్తిచేస్తాడు. చివర ధారణలో అన్నింటినీ కలిపి అప్పగిస్తాడు. అధ్యాపకుడు కూడా 'నివేదిక' అనే మొత్తాన్ని కాక దాని పాదాలను అడగవచ్చు: మొదటి వారం ఒక ప్రశ్న, రెండవ వారం ఒక పేజీ సమాచారం, మూడవ వారం ఒక వివరణ. డాన్ ఎరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు వ్యాసాలకు సమాన వ్యవధితో గడువులు నిర్ణయించిన తరగతి, గడువులను విద్యార్థుల ఇష్టానికే వదిలిన తరగతి కంటే మెరుగైన మార్కులు పొందింది.

6.2 ఎదుట ఒక పృచ్ఛకుడు: అవధాని ఒంటరి కాడు. పాదం కోసం ఎదురుచూసే మనిషి ఎదుట ఉంటాడు. నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు, కాని ఆ అడ్డు పద్యం పుట్టడానికే తోడ్పడుతుంది. 2022 నిబంధనలు పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ పరిశోధన సలహా సంఘం ముందు తన ప్రగతిని వివరించాలని కోరుతున్నాయి. దీనిని సంతకాల తంతుగా కాక పృచ్ఛకసభగా నిర్వహిస్తే జాగు చాలావరకు తగ్గుతుంది. పక్షానికి ఒకసారి ఇద్దరు పరిశోధకులు ఒకరి పేజీలు మరొకరు చదువుకున్నా ప్రయోజనం ఉంటుంది.

6.3 చోటు, వేళ నిర్ణయించడం: 'ఈ వారం రాస్తాను' అనడం సంకల్పం. 'రేపు ఉదయం ఆరు గంటలకు, టీ తాగగానే, గ్రంథాలయం నోట్సు తీసి మొదటి పేరా రాస్తాను' అనడం కార్యనిశ్చయం. రెండవ విధంగా చోటును, వేళను, మొదటి కదలికను ముందే నిర్ణయించుకున్నవారు పనిని పూర్తిచేసే అవకాశం అధికమని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు తెలిపాయి. బస్సులో వచ్చిపోయే విద్యార్థికి ఇంటి వద్ద చోటు దొరకకపోతే, కళాశాల వేళల్లోనే ఒక రాతగంటను కేటాయించడం అధ్యాపకుని చేతిలోని పని.

6.4 తప్పును భరించగల సభ: అవధాని తడబడితే సభ నవ్వుకుంటుంది, అవధానం కొనసాగుతుంది. మొదటి చిత్తుప్రతికి మార్కులు వేయకపోవడం, మొదటి ప్రతిని తెలుగులో రాయనిచ్చి తరువాత ఆంగ్లంలోకి మార్చుకోనివ్వడం, తప్పులను ఏకాంతంలో దిద్దడం భయాన్ని తగ్గించే చర్యలు. మైకేల్ వోల్, తిమోతీ పిచిల్, షానన్ బెనెట్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు జాగు చేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తరువాతి పరీక్షకు తక్కువ జాగు చేశారు. అపరాధభావం పనిని మరింత అప్రియం చేస్తుంది. అప్రియమైన పని నుండి మళ్లీ తప్పించుకోవాలనిపిస్తుంది. బహిరంగ మందలింపు ఈ చక్రాన్ని తిప్పేదే గాని ఆపేది కాదు.

గడువును ఎంతకైనా పొడిగించడమే దయ అనుకోవడం కూడా సరికాదు. అవధానంలో పృచ్ఛకుడు కఠినుడే, కాని శత్రువు కాడు. గడువు నిక్కచ్చిగా ఉండాలి, పని చిన్నదిగా ఉండాలి, తీర్పు మెత్తగా ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ ఫలించవు.

7. ముగింపు

1. 'ఆలస్యం' అనే పదం తెలుగులో సోమరితనం నుండి జాగు అనే అర్థానికి మారినా, జాగు చేసినవారిని సోమరులుగా చూసే దృష్టి కొనసాగుతున్నది. విదురనీతి ఈ రెండింటినీ వేరుచేసింది.

2. శాంతిపర్వంలోని దీర్ఘసూత్రుడు, చిరకారి పాత్రలు నిష్ఫలమైన జాగుకు, వివేకపూర్ణమైన జాగుకు మధ్య భేదాన్ని తెలుపుతున్నాయి.

3. వాయిదా ధోరణి ప్రధానంగా అప్రియ భావాల నుండి తాత్కాలిక ఊరట పొందే ప్రయత్నం. సామర్థ్యంపై సందేహం ఉన్నచోట భయం దీనిని బలపరుస్తుంది.

4. పొలంలో, తోటలో, అంగడిలో అదును తప్పని విద్యార్థులు రాతపనిలో జాగు చేయడానికి కారణం స్వభావం కంటే పని అమరిక.

5. పనిని విడగొట్టడం, ఎదుట పృచ్ఛకుడు ఉండడం, చోటు, వేళ నిర్ణయించడం, తప్పును భరించడం అనే అవధాన లక్షణాలను బోధనలో, పరిశోధన పర్యవేక్షణలో అనుసరించవచ్చు.

ఈ ప్రాంత విద్యార్థులపై ప్రామాణికమైన క్షేత్రాధ్యయనం, ముఖ్యంగా భాషామాధ్యమానికి, వాయిదా ధోరణికి గల సంబంధంపై పరిశోధన జరగవలసి ఉంది. అంతలోగా అధ్యాపకుడు చేయగలిగినది ఒకటుంది. గడువు దాటి వచ్చిన విద్యార్థిని 'ఎందుకు రాయలేదు?' అని కాక 'ఎక్కడ ఆగిపోయావు?' అని అడగడం. మొదటి ప్రశ్నకు సాకు సమాధానంగా వస్తుంది. రెండవ ప్రశ్న వేసి ఉంటే, నాలుగుసార్లు చిరిగిన ఆ మొదటి పేజీ బహుశా బయటికి వచ్చి ఉండేది.